అశోక్ చౌక్ నుంచి ఒక ప్రేమపాట

చిరంజీవి మేనల్లుడికి,



ప్రేమపాట ఒకటి రాశావనీ, సోలాపూర్‌లోనే రికార్డు చేస్తావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. స్టూడియో కోసం అప్పు చేస్తావేమోనని ఆమెకు బెంగ. మామయ్య బెంగ వేరు: ఆ పాట సోలాపూర్ అశోక్ చౌక్ పిల్లాడు రాసినట్టుంటుందా, ఏ సినిమాలోంచో ఊడిపడినట్టుంటుందా అని.

ఊరి పలుకుతో నిలిచిన పాటలకు ఉదాహరణ మీ జిల్లాలోనే ఉంది. కర్మాళా తాలూకా జేవూర్‌కు చెందిన నాగరాజ్ మంజుళే తీసిన సినిమా 'సైరాట్' 2016 ఏప్రిల్ 29న విడుదలైంది. సంగీతం అజయ్-అతుల్ అన్నదమ్ములది. వాద్యబృందాన్ని ఏకంగా లాస్ ఏంజెలెస్‌లోని సోనీ స్కోరింగ్ స్టేజ్‌లో వాయింపజేసి రికార్డు చేశారు. అంత ఖర్చు పెట్టినా పాటల్లో మాట మాత్రం మరాఠీ పల్లెదే. 'సైరాట్ ఝాలా జీ'ని అజయ్‌తో కలిసి పాడింది తెలుగువాళ్లకు బాగా తెలిసిన చిన్మయి. కథలో ప్రేమికులు పారిపోయి చేరేదీ మన హైదరాబాదుకే! ఆ పాటలు నిలబడింది వయొలిన్లు హాలీవుడ్‌వి కావడం వల్ల కాదు. పలుకు ఆ ఊరిది కాబట్టి నిలబడ్డాయి.

సోలాపూర్ పద్మశాలీల ఇళ్లలో తెలంగాణ తెలుగు వినిపిస్తుంది, గడప దాటితే మరాఠీ. రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి కూడా. పాట ఆ నోటితోనే పలకాలి. వెన్నెల, మల్లెలు ఇప్పటికే చాలామంది వాడేశారు. చుట్టిన బీడీలు కంపెనీలో అప్పగించి వచ్చే అమ్మాయి, రాత్రి పాళీ ముగించుకుని ఎదురొచ్చే అబ్బాయి: ఇద్దరూ నిద్రమొహాలతో ఒక్క క్షణం ఆగితే అందులో పల్లవి ఉంది.

నిడివి మూడు నిమిషాలు చాలు. 1940ల్లో సాలూరి రాజేశ్వరరావు, ఆర్. బాలసరస్వతీదేవి కలిసి పాడిన లలితగీతాలు 78 ఆర్‌పీఎం రికార్డులపై వచ్చాయి. ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. ఆ ఇరుకులోనే పల్లవి, చరణాలు, వాద్యం అన్నీ సర్దుకున్నారు.

ఇక రికార్డింగ్. మెత్తగా పాడే పాటలో ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది, శ్రుతి కాస్త జారినా దాగదు. మైకుకు జానెడు దూరంలో, కొంచెం పక్కకు తిరిగి పాడితే ప, బ, భ పలికేటప్పుడు గాలి దెబ్బ తగలదు. గదిలో ప్రతిధ్వని తగ్గించడానికి మీ ఊరి చద్దర్లు పనికొస్తాయి. గోడకు ఆనకుండా, నాలుగు వేళ్ల ఎడంతో, కుచ్చులుగా వేలాడదీయాలి. పక్క కార్ఖానాలో పవర్‌లూమ్‌ల మోత మాత్రం నేలలోంచి వస్తుంది. దాన్ని ఏ చద్దరూ ఆపలేదు, మగ్గాలు ఆగే రోజు కోసం కాచుకోవాల్సిందే. ఆ మోతనే తాళంగా వాడుకుందామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ప్రేమపాటకు అది అక్కర్లేదని మామయ్య అభిప్రాయం.

చివరగా, డబ్బు మాట. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో సమాన వాటా హక్కు దక్కింది. దాన్ని కంపెనీకి వదులుకుంటున్నట్టు రాసిచ్చినా చెల్లదు. ఎవరైనా కాగితం ముందుపెడితే తెలిసిన వకీలుకు చూపించాకే సంతకం పెట్టు. పాట పూర్తయ్యేదాకా ఆగకుండా, మొదటి టేకు మామయ్యకు పంపు.