భద్రాచలం ఎంపీ సీటు ఎక్కడికి పోయింది?

పోయిన సెమిస్టర్ డేటాబేస్ ల్యాబ్‌లో మినీ ప్రాజెక్ట్ కోసం లోక్‌సభ ఎన్నికల ఫలితాలు తీసుకున్నాను. 2004 టేబుల్‌ని, 2009 టేబుల్‌ని నియోజకవర్గం పేరు మీద జాయిన్ చేస్తే కొన్ని వరసల్లో నల్ వచ్చింది. అందులో ఒకటి భద్రాచలం. 2004లో ఉంది, 2009లో లేదు. స్పెల్లింగ్ తేడా ఏమో అని అరగంట వెతికాను. స్పెల్లింగ్ బానే ఉంది. సీటే లేదు.

ఈ మాట రూమ్మేట్‌కి చెప్తే నవ్వాడు. వాళ్ళది కూనవరం దగ్గర, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. "మా నానమ్మ ఇల్లు మారలేదు గానీ, మూడు ఎంపీ సీట్లలో ఓటేసింది" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. చదివి చూస్తే నిజమే. అదెలా జరిగిందో మీకూ చెప్దామని ఈ వ్యాసం.

పాత భద్రాచలం

ముందు ఒక విషయం. ఇప్పుడు మనం తెలంగాణ ఊరు అనుకునే భద్రాచలం ఒకప్పుడు నిజాం రాజ్యంలో లేదు. ఆ తాలూకా మద్రాసు రాష్ట్రంలో తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఒకటే రాష్ట్రం కాబట్టి అది జిల్లా గీత మార్పు మాత్రమే. ఆ మార్పు విలువ యాభై అయిదేళ్ళ తర్వాత తెలిసింది.

భద్రాచలం లోక్‌సభ సీటు 1967 ఎన్నికల నుంచి ఉంది. గిరిజనులకు రిజర్వ్ చేసిన సీటు. ఖమ్మం జిల్లా వైపు మొదలై, తూర్పు గోదావరి ఏజెన్సీ మీదుగా, విశాఖ జిల్లా పాడేరు, చింతపల్లి కొండల దాకా సాగేది. మొదటి ఎంపీ బి. రాధాబాయి ఆనందరావు కాంగ్రెస్ తరఫున వరసగా నాలుగు సార్లు గెలిచారు. తర్వాత సీపీఐ నుంచి సోడె రామయ్య, కాంగ్రెస్ నుంచి కమల కుమారి, టీడీపీ నుంచి దుంపా మేరీ విజయకుమారి గెలిచారు. 2004లో గెలిచిన సీపీఎం నాయకుడు మిడియం బాబూరావు ఆ సీటుకి ఆఖరి ఎంపీ. అడవి నియోజకవర్గం నుంచి ముగ్గురు మహిళలు ఢిల్లీ వెళ్ళారు. ఇది నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు.

మొదటి మార్పు: లోపలి గీత

నియోజకవర్గాల సరిహద్దులు మళ్ళీ గీయడాన్ని పునర్విభజన అంటారు. జనాభా ఒకచోట పెరిగి ఒకచోట తగ్గితే ఓటు విలువ సమానంగా ఉండదు, అందుకని చేస్తారు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఈ పనిని ఆపేసింది. 2002 చట్టంతో జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన కమిషన్ వచ్చింది. 2001 జనాభా లెక్కల ఆధారంగా గీతలు మళ్ళీ గీసింది. 2008 ఫిబ్రవరి 19 నుంచి అవి అమల్లోకి వచ్చాయి.

రాష్ట్రానికి మొత్తం సీట్లు 42, అవి మారలేదు. మారింది లోపలి గీత. అంతకు ముందు ఎస్టీ ఎంపీ సీట్లు రెండే, పార్వతీపురం, భద్రాచలం. కొత్త లెక్కలో అవి మూడయ్యాయి: అరకు, మహబూబాబాద్, ఆదిలాబాద్. గిరిజన జనాభా శాతం ఎక్కువ ఉన్న చోట్లనే ఎస్టీ సీట్లుగా ఎంచుకోవాలన్నది చట్టంలో ఉన్న నియమం. ఈ లెక్కలో పాత భద్రాచలం ముక్కలైంది. పాడేరు, రంపచోడవరం వైపు భాగం అరకులోకి వెళ్ళింది. భద్రాచలం అసెంబ్లీ స్థానం మహబూబాబాద్‌లోకి వెళ్ళింది. కూనవరం ఆ అసెంబ్లీ స్థానంలోనే ఉంది కాబట్టి 2009లో నానమ్మగారి ఓటు మహబూబాబాద్ ఎంపీకి.

అంటే ఎస్టీలకు ఒక సీటు పెరిగింది, కానీ భద్రాచలం అన్న పేరు పోయింది. ఇందులో మంచీ ఉంది, నష్టమూ ఉంది.

రెండో మార్పు: రాష్ట్రం గీత

2014 ఏప్రిల్ 30న తెలంగాణ ప్రాంతంలో పోలింగ్ జరిగింది. కూనవరం వాళ్ళు కూడా ఓటేశారు. భద్రాచలం ఎమ్మెల్యేగా సీపీఎం నాయకుడు సున్నం రాజయ్య గెలిచారు. మే 29న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, జులైలో అది చట్టమైంది. పోలవరం కింద మునిగే ప్రాంతమని ఖమ్మం జిల్లాలో ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కి బదిలీ చేశారు: చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు, ఇంకా భద్రాచలం మండలంలో చాలా భాగం, బూర్గంపాడు మండలంలో కొంత భాగం. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్ళింది. రాముడి గుడి తెలంగాణలో, ఆ గుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో.

ఇక్కడ నాకు కోడ్‌లో బగ్ లాంటిది కనిపించింది. నెల కింద తెలంగాణ అసెంబ్లీకి ఓటేసిన ఊళ్ళు ఇప్పుడు ఆంధ్రలో ఉన్నాయి. వాళ్ళ ఎమ్మెల్యే హైదరాబాద్‌లో తెలంగాణ అసెంబ్లీలో కూర్చున్నారు. వాళ్ళ రేషన్, రోడ్డు, పునరావాసం చూడాల్సింది ఆంధ్ర ప్రభుత్వం. ఆ ప్రభుత్వాన్ని అసెంబ్లీలో నిలదీయడానికి ఆ మండలాలు ఎన్నుకున్న మనిషి అక్కడ లేడు. రాజయ్య సొంత ఊరు కూడా వి.ఆర్.పురం మండలమే. ఎమ్మెల్యే ఒక రాష్ట్రం, ఆయన ఇల్లు ఇంకో రాష్ట్రం!

2018లో ఎన్నికల సంఘం ఈ మండలాలను ఆంధ్ర నియోజకవర్గాలకు కలిపింది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక రంపచోడవరంలోకి, అంటే అరకు ఎంపీ సీటులోకి వెళ్ళాయి. కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు భాగం పోలవరంలోకి, అంటే ఏలూరు ఎంపీ సీటులోకి వెళ్ళాయి. 2019లో రాజయ్య కూడా రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయారు.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూడండి. 2004లో భద్రాచలం. 2009, 2014లో మహబూబాబాద్. 2019, 2024లో అరకు. రూమ్మేట్ చెప్పింది అక్షరాలా నిజం.

మనకెందుకు?

మొన్న ఆదివారం వాళ్ళ నానమ్మగారికి ఫోన్ చేశాం. ఇన్ని సార్లు మారితే మీకేమనిపించింది అని అడిగాను. "ఓటేసే బడి అదే బాబూ, బల్ల కూడా అదే. లోపల పేర్లే మారినాయి. వరదొచ్చినప్పుడు ఎవరిని అడగాలో తెలీక ఇబ్బంది పడ్డాం" అంది ఆవిడ.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత నీళ్ళు మళ్ళీ అప్పుడే. పట్టణం పక్కనున్న అయిదు ఊళ్ళను తిరిగి తెలంగాణలో కలపాలన్న డిమాండ్ ఆ వరదల్లో గట్టిగా వినిపించింది. గీత మ్యాప్‌లో సన్నగానే ఉంటుంది. పడవ ఏ వైపు నుంచి రావాలో మాత్రం అదే చెప్తుంది.

గీతలు అసలు మార్చకూడదు అని నేను అనట్లేదు. మల్కాజిగిరిలో 2019 నాటికే 30 లక్షలకు పైగా ఓటర్లు. మార్చకపోతే అక్కడి ఓటుకి అన్యాయం. నేను అడిగేది ఒక్కటే. గీత మారిన రోజు నుంచి కొత్త ఎన్నిక వచ్చే దాకా ఆ మనుషుల తరఫున ఎవరు మాట్లాడాలి? 2014లో దానికి సరైన జవాబు లేదు. అయిదేళ్ళు ఖాళీగా గడిచాయి.

ఇది పాత కథ కూడా కాదు. 2001లో చేసిన 84వ సవరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా సీట్ల సంఖ్య ఆగి ఉంది. ఆ తర్వాత వచ్చే గీతల్లో మనం ఓటేస్తాం. 2002 చట్టం ప్రకారం కమిషన్ ముందు ముసాయిదా ప్రచురించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ సమావేశాలు పెట్టాలి. తుది ఉత్తర్వు వచ్చాక కోర్టులో మార్పించడం చాలా కష్టం. అంటే మాట్లాడాల్సిన టైమ్ ముసాయిదా టైమే. అది వచ్చినప్పుడు మీ ఊరి పేరు ఏ పేజీలో ఉందో వెతకండి.

నా ప్రాజెక్ట్ సంగతి అంటారా? నల్ వచ్చిన వరసలు తీసెయ్యలేదు. ఇంకో టేబుల్ పెట్టాను: ఊరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ నియోజకవర్గం. మొదటి ఎంట్రీ కూనవరం.