మా దాది ఫేటియాలో కాంతి పాఠం



ఈసారి గోడపత్రికకు సైన్సు గురించి రాయమన్నారు. నేను కాంతి పరావర్తనం గురించి రాస్తున్నాను. పోయిన ఏడు ఈ పాఠాన్ని బట్టీ పట్టి పరీక్ష రాసినాను. మార్కులు వచ్చినాయి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యింది క్లాసులో కాదు, గుత్తి దగ్గర సేవాగఢ్‌లో.

సేవాగఢ్ మా సుగాలీలకు పుణ్యక్షేత్రం. సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న పుట్టినారని మా పెద్దలు చెబుతారు. ప్రతి ఏడూ ఆయన జయంతికి వేరే రాష్ట్రాల నుండి కూడా మావాళ్ళు అక్కడికి వస్తారు. మా మామ పెళ్ళిళ్ళకు, జాతరలకు ఫోటోలు తీస్తాడు. ఈసారి లైటు పట్టే పిల్లవానికి జ్వరం వచ్చిందని నన్ను తోడు పిల్చుకుపోయినాడు.

మా దాది కూడా వచ్చింది. దాది అంటే మా భాషలో నాయనమ్మ. ఆమె పాత ఫేటియా, కాంచళి వేసుకుని వచ్చింది. ఫేటియా అంటే అద్దాలు కుట్టిన లంగా. నిజం చెప్తున్నాను, నాకు సిగ్గయ్యింది. మన బడి పిల్లలు ఎవరైనా చూస్తారేమో అని దూరంగా నిలబడినాను.

మామ ముసలమ్మలందరినీ వరుసగా నిలబెట్టి ఫోటో తీసినాడు. చూస్తే అంతా తెల్ల మచ్చలే! లైటు వెలుగు అద్దాల మీద పడి నేరుగా కెమెరాలోకే వచ్చింది. “పాపా, కెమెరా పక్కన నిలబడొద్దు. దూరంగా జరిగి లైటు ఏటవాలుగా పట్టు” అన్నాడు మామ. నేను నాలుగు అడుగులు పక్కకు పోయినాను. మళ్ళీ తీస్తే చాలా మచ్చలు పోయినాయి. రెండు మూడు మాత్రం మిగిలినాయి.

అప్పుడు నాకు పాఠం గుర్తొచ్చింది. అద్దానికి నిటారుగా గీసిన గీతను లంబం అంటారు. వచ్చే కిరణం లంబంతో చేసేది పతన కోణం, తిరిగి పోయే కిరణం చేసేది పరావర్తన కోణం. ఈ రెండూ సమానం. లైటు ఎదురుగా ఉంటే వెలుగు ఎదురుగానే తిరిగి వస్తుంది. లైటు పక్కకు పోతే వెలుగు రెండో పక్కకు పోతుంది, కెమెరాలో పడదు. మరి బట్ట ఎందుకు మెరవలేదు? బట్ట గరుకుగా ఉంటుంది. దాని మీద పడిన వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. దీన్ని క్రమరహిత పరావర్తనం అంటారు. అందుకే ఎటు నుండి చూసినా ఎరుపు ఎరుపుగానే కనిపిస్తుంది.

రెండు మూడు మచ్చలు ఎందుకు మిగిలినాయో మామకు తెలియలేదు. దాది చెప్పింది: “ఫేటియాకు మడతలు ఉంటాయి కదా. ఒక్కో అద్దం ఒక్కో పక్కకు చూస్తుంది. అందుకే నడిచేటప్పుడు ఒకటి తర్వాత ఒకటి మెరుస్తాయి. మేము అట్లనే కుడతాము.” దాదికి చదువు రాదు, వేలిముద్ర వేస్తుంది. కానీ నేను బట్టీ పట్టిన పాఠం ఆమె చేతిలో ఉంది. నా సిగ్గు అప్పుడే పోయింది.

తర్వాత మామ దాదిని ఒక్కదాన్నే తీయాలనుకున్నాడు. ఆమె ముసుగు తీయలేదు. చుట్టాలైన మగవాళ్ళ ముందు తీయదు. మామ కెమెరా నా చేతికిచ్చి అవతలికి పోయినాడు. అప్పుడు దాది ముసుగు తీసి నన్ను చూసి నవ్వింది. నేను తీసిన మొదటి ఫోటో అదే. అంతకు ముందు ఆమెకు ఆధార్ కార్డు ఫోటో ఒక్కటే ఉండేది. అందులో భయపడినట్టు ఉంటుంది.

ఇట్లాంటిదే హైదరాబాదులో కూడా జరిగిందని తర్వాత తెలిసింది. రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఫోటోగ్రాఫరు. దర్బారులు, వేటలు, విందులు తీసినాడు. ఆయన ముందు రూర్కీలో ఇంజనీరింగు చదివినాడు. ఘోషాలో ఉండే ఆడవాళ్ళు మగవాళ్ళ ముందుకు రారు కాబట్టి 1892లో వాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టినాడు. అక్కడ ఫోటోలు తీసింది ఆడవాళ్ళే. అంటే కొన్ని ఫోటోలు తీయాలంటే ఆడపిల్లలు కెమెరా పట్టాల్సిందే!

మీరూ చేసి చూడండి: చీకటి గదిలో నల్ల అట్టకు సన్నని చీలిక కోసి టార్చి ముందు పెట్టండి. తెల్ల కాగితం మీద చిన్న అద్దం నిలబెట్టండి. వెలుగు గీతలను పెన్సిలుతో గీసి, లంబం గీసి, కోణమానినితో కొలవండి. రెండు కోణాలూ సమానంగా వస్తాయి.

వానలు లేక ఈ ఏడు కూడా శనక్కాయ పంట ఎండింది. మా యాడి, నాయన బెంగళూరు పనికి పోయినారు. నన్ను కూడా రమ్మంటే, పోదామా అని ఒకసారి అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. బాగా చదివి సైన్సు టీచరు అవుతాను. సెలవుల్లో మా తాండా అవ్వలందరి ఫోటోలు తీస్తాను.

స్నేహితులారా, మీ ఇంట్లో చదువురాని పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడగండి. జవాబు మన పుస్తకంలోనే ఉండవచ్చు.

– 9వ తరగతి విద్యార్థిని