తాళాల గుత్తి

అమెరికా రాజధాని వాషింగ్టన్. ఆ ఊరి పక్కన పొటోమాక్ నది పారుతుంది. నది అవతల, వర్జీనియా రాష్ట్రంలో ఒక గుట్ట ఉంది. గుట్ట మీద పెద్ద మేడ. ముందు వైపు లావుపాటి స్తంభాలు. ఈ మేడ పేరు ఆర్లింగ్టన్ హౌస్. ఇప్పుడు అది మ్యూజియం. పాతకాలం వస్తువులు, గదులు చూడడానికి జనం వస్తారు.

మేడ వెనక చిన్న చిన్న గదులున్నాయి. అవి బానిసలు ఉన్న గదులు. బానిస అంటే కూలి మనిషి కాదు. కూలికి కూలి డబ్బులుంటాయి. బానిసకు అవీ లేవు. పశువును కొన్నట్టే మనిషిని కొనేవారు, అమ్మేవారు. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే.

ఆ గదుల్లో ఒకటి సెలీనా గ్రేది. మొగుడు, పెళ్లాం, ఎనిమిది మంది పిల్లలు. అందరికీ అదొక్కటే గది! పగలంతా సెలీనా మేడలో పని చేసేది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. అంటే ఒకే దేశం వాళ్లు తమలో తాము యుద్ధం చేసుకున్నారు. బానిసత్వం పోకూడదని దక్షిణ రాష్ట్రాలు విడిపోయాయి. ఆ మేడలో ఉండే రాబర్ట్ లీ దక్షిణం వైపు సేనాపతి. ఆయన భార్య మేరీ ఇల్లు విడిచి వెళ్లింది. వెళ్తూ తాళాలు సెలీనా చేతికి ఇచ్చింది. జీతం ఇవ్వని మనిషి చేతికి ఇంటి తాళాలన్నీ ఇచ్చారు చూడండి!

ఉత్తరం సైన్యం వచ్చి అక్కడ దిగింది. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ వాడిన వస్తువులు ఆ ఇంట్లో ఉండేవి. సిపాయిలు వాటిని ఎత్తుకుపోసాగారు. సెలీనా ఊరుకోలేదు. నేరుగా పెద్ద అధికారి మెక్‌డోవెల్‌కు చెప్పింది. ఆయన మిగిలిన వస్తువులను రాజధానికి పంపి భద్రం చేయించాడు.

రాబర్ట్ లీ మామగారు తన బానిసలను విడుదల చేయాలని వీలునామా రాశారు. 1862 డిసెంబరులో లీ విడుదల పత్రం మీద సంతకం చేశాడు. మరుసటి ఏడు ఆ భూముల్లోనే విడుదలైన వాళ్లకు ఒక ఊరు కట్టారు. అందులో బడి కూడా పెట్టారు. అంతకుముందు వర్జీనియాలో నల్లవారిని కూర్చోబెట్టి చదువు చెప్పడం నేరం. ఆ రోజుల్లో పలక పట్టడానికి కూడా భయపడాలి. అయినా ఆ మేడలో కొందరికి అక్షరాలు నేర్పారు. 1872లో సెలీనా మేరీకి రాసిన ఉత్తరం ఇంకా ఉంది.

విడుదలయ్యాక సెలీనా దంపతులు సొంతంగా పది ఎకరాలు కొనుక్కున్నారు.

1925లో ఆ మేడను మళ్లీ పూర్వంలా బాగుచేయాలని ప్రభుత్వం చట్టం చేసింది. ఏ గదిలో ఏ వస్తువు ఉండేదో ఎవరికి తెలుసు? సెలీనా కూతుళ్లకు తెలుసు. వాళ్లు చెప్పారు. పనివాళ్లు ఆ ప్రకారం సర్దారు. మేడకు మళ్లీ పెద్ద మరమ్మతు జరిగింది. 2021లో తెరిచారు. ఇప్పుడు వెళ్లినవాళ్లకు మేడతోపాటు వెనక గదులు కూడా చూపిస్తారు.