కంటిలో నలక

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరునుండి పడమరగా నరసరావుపేట, వినుకొండల వైపునకుగాని, దక్షిణముగా చిలకలూరిపేట, అద్దంకుల వైపునకుగాని పోవు బాటసారికి నల్లరేగడి చేలమధ్య ఎఱ్ఱని తివాచీలు పఱచినట్లు మిరప కల్లములు కనబడును. గుంటూరు మిరపయార్డులో అలవాటు లేనివారు అడుగిడినచో తుమ్ములు, దగ్గులు, కంట నీరు ఒక్కసారిగా వచ్చును. అక్కడ బస్తాలు మోయువారికిని, కాయలకు తొడిమలు తీయు స్త్రీలకును ఆ ఘాటు నిత్యకృత్యము.

విద్యార్థులారా! సెలవులలో మీలో కొందఱు తల్లిదండ్రులతోపాటు మిరప కోతకో, పత్తి తీతకో పోవుచుందురు. కావున కంటిని గూర్చిన ఈ పాఠమును శరీరశాస్త్ర గ్రంథమునుండి కాక మన చేలనుండియే ఆరంభించుచున్నాను.

మిరపకాయ కోసిన చేతితో కన్ను నులుముకొన్నవానికి ఆ బాధ ఎట్టిదో చెప్పనక్కఱలేదు. మిరపలోని ఘాటునకు కారణమైన పదార్థమును కాప్సైసిన్ అందురు. అది నూనెలో కరుగును గాని నీటిలో సులభముగా కరుగదు. అందుచేత వట్టి నీటితో చేతులు కడిగికొన్నను మంట వదలదు. ముందుగా కొంచెము నూనె రాచి, పిమ్మట సబ్బుతో కడిగికొనవలెను. ఈ నూనె చేతులకే గాని కంటికి కాదు. కంటిని మాత్రము చల్లని మంచినీటితో మాటిమాటికి కడుగవలెను. కొంతసేపటికి మంట తగ్గును. బాధ ఎంత తీవ్రమైనను మిరప ఘాటువలన చూపు పోవుట అరుదు. కన్ను ఎఱ్ఱబడి, నీరు కార్చి, తన్ను తాను కడిగికొనును. వైద్యులను ఎక్కువగా భయపెట్టునది, అంతగా మండని మఱియొకటి కలదు. అది ఎండిన పత్తిగుల్ల కొన. లేదా గాలికి ఎగసిన పొట్టు, కంపపుల్ల, వరియాకు అంచు. అది కంటిని కొంచెము గీరును. కొంచెము నీరు కారును. సాయంకాలమునకు బాధ తగ్గినట్లే ఉండును. అపాయమంతయు అక్కడనే మొదలగును.

అదెట్లో తెలియవలెనన్న కంటి నిర్మాణమును కొంత తెలిసికొనవలెను. కంటి ముందుభాగమున, గడియారమునకు అద్దమువలె, పారదర్శకమైన పొర యొకటి కలదు. దీనిని శుక్లపటలమనియు, వైద్యులు కార్నియా యనియు అందురు. మనము నల్లగ్రుడ్డు అనునది నిజముగా ఆ అద్దమునుండి కనబడు లోపలి రంగే. దీని మందము మధ్యభాగమున సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. వెలుతురు ఆటంకము లేక లోనికి పోవుటకై దీనియందు రక్తనాళములు లేవు. కన్నీరును, గాలిలోని ప్రాణవాయువును, వెనుకనున్న ద్రవమును దీనిని పోషించును. దేహమున మఱి యేభాగమున గాయమైనను రక్తము వెంటనే వచ్చి సూక్ష్మజీవులతో పోరాడును. ఇక్కడ రక్తమే లేదు. సహాయము ఆలస్యముగా వచ్చును.

ఎండిన మొక్కల పుల్లలమీదను, ఆకులమీదను బూజు జాతికి చెందిన సూక్ష్మజీవులు నివసించును. గీరుకొన్నప్పుడు అవి శుక్లపటలములోనికి చేరును. మొదటి రెండుమూడు దినములు మెల్లగా పెరిగి, తరువాత కంటిపై తెల్లని పుండుగా బయటపడును. పుండు మానినను, మానిన చోట తెల్లని మచ్చ నిలిచిపోవును. మన పెద్దలు దీనినే కంటిలో పువ్వు వేసినదనిరి. అంతటి కష్టమునకు అంత సుకుమారమైన పేరు పెట్టినవారెవ్వరో తెలియదు. కనుపాపకు ఎదురుగా ఆ పువ్వు పూచెనా, కన్ను ఉండియు చూపు ఉండదు.

నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన ఒక గ్రామమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు సంక్రాంతి సెలవుల పిమ్మట ఒక కన్ను మూసికొని తరగతిలో కూర్చుండుట చూచితిని.

"ఏమిరా, కన్ను ఎందుకు మూసికొంటివి?" అని అడిగితిని.

"ఏమీ లేదు మాస్టారూ! పత్తిచేలో గుల్ల గీసికొన్నది. నాయనమ్మ ఆకుపసరు పోసినది. తగ్గిపోవునట" అని వాడు తల వంచుకొనియే చెప్పెను. వెలుతురు వైపు చూడలేకపోవుటవలన తల ఎత్తలేదు. కన్ను తెఱిపించి చూడగా నల్లగ్రుడ్డుపై బియ్యపుగింజంత తెల్లని మచ్చ! గీసికొని అప్పటికి ఎనిమిది దినములైనదట. ఆనాడే వాని తండ్రిని పిలిపించి గుంటూరు పెద్దాసుపత్రికి పంపితిమి. గంటగంటకు చుక్కల మందు వేయుచు నెల దినములకు పైగా చికిత్స చేసిరి. కన్ను నిలిచినది, పువ్వు మిగిలినది. పోలీసు ఉద్యోగమునకు పోవలెనని వానికెంతో కోరిక. పరుగులో జిల్లాస్థాయి బహుమతి వచ్చినవాడు. చూపు పరీక్షయొద్ద ఆ కోరిక ఆగిపోయినది. ఇప్పుడు వాడు మిరప వ్యాపారము చేయుచు, బాగుగానే జీవించుచున్నాడు. కాటాలోని అంకెలు మాత్రము తల ప్రక్కకు త్రిప్పి ఎడమ కంటితో చదువును.

ఆ నాయనమ్మ మనుమనిపై ప్రేమచేతనే పసరు పిండినది. కాని ఆకుపసరు, ఆముదము, చనుబాలు, తేనె మొదలగువానిలో సూక్ష్మజీవులు ఉండవచ్చును. గాయపడిన కంటిలో వానిని పోయుట పుండునకు ఎరువు వేయుటయే. దుకాణములో అడిగి తెచ్చు చుక్కల మందులును ఇంతకంటె మేలైనవి కావు. కొన్నిటియందు స్టెరాయిడ్ అను మందు ఉండును. అది ఎఱుపును, నొప్పిని వెంటనే తగ్గించును గాన రోగి సంతోషించును. బూజు పుండు ఉన్నచో, ఆ మందు చాటున పుండు లోలోపల విజృంభించును. అదే మందు నెలల తరబడి వేసికొన్నవారికి కంటిలోని ఒత్తిడి పెరిగి, నీటికాసులు అను వ్యాధి రావచ్చును. పోయిన యేడు పొరుగింటివారికి పనిచేసిన మందు మీకును పనిచేయునని నమ్మరాదు.

కంటిలో నలక పడినప్పుడు నులుమరాదు. నులిమిన కొలది అది గీరును. చేతులు కడిగికొని, మంచినీటిలో కన్ను తెఱచి మూయుచు కడిగికొనవలెను. చెంగు కొన తిప్పి నలకను తీయుట, నాలుకతో తీయించుకొనుట పల్లెలలో చూచుచుందుము; అవి మానవలసినవి. కడిగిన పిమ్మటకూడ నొప్పి, ఎఱుపు, నీరు కారుట, వెలుతురు చూడలేకపోవుట, చూపు మసకబారుట, తెల్లని చుక్క, వీనిలో ఏ ఒక్కటి మరునాటికి మిగిలినను ఆ దినమే కంటివైద్యుని చూడవలెను. ముల్లుగాని ఇనుప రజనుగాని కంటిలో గ్రుచ్చుకొన్నచో కడుగను కూడదు, పెరుకను కూడదు. కన్నుపై ఒత్తిడి పడకుండ కాగితపు కప్పు వంటిది అడ్డముంచి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

పురుగుమందు చిందినప్పుడు నియమము వేఱు. అప్పుడు వైద్యునియొద్దకు పరుగెత్తుటకంటె ముందు నీరు. కనీసము 15, 20 నిమిషములు ధారగా కడిగి, ఆ పిమ్మట మందు డబ్బాను చేతపట్టుకొని ఆసుపత్రికి పోవలెను. డబ్బాపైనున్న పేరును బట్టి వైద్యుడు చికిత్స చేయును. మిరపకును పత్తికిని మందు చల్లుట మన ప్రాంతమున తఱచు జరుగు పని. చల్లువారు కంటికి అద్దములు ధరించుటయే గాక, గట్టుమీద ఒక బిందెడు మంచినీరు సిద్ధముగా ఉంచుకొనుట మేలు. ఆ బిందె లేక కాలువ దాక పోవులోపల జరుగవలసిన నష్టము జరిగిపోవును.

సున్నము అంతకన్న ప్రమాదకరము. అది కంటిపొరలలోనికి చొచ్చుకొని పోవుచునే యుండును. తాంబూలపు సున్నపు పొట్లమును పిల్లలు నొక్కి ఆడుకొనుచు కంటిలో చిమ్ముకొనుట వైద్యులు తఱచు చూచు ప్రమాదము. సున్నపు ముక్కలను మెత్తని తడిగుడ్డతో తీసివేసి, అరగంటకు తగ్గకుండ కడుగవలెను. ఇందు సంబంధముగా ఒక కథ కలదు. ఐరోపాలోని మొరావియా దేశమున ఆలోయిస్ గ్లోగార్ అను కూలివానికి సున్నము పడి రెండు కండ్లును పోయినవి. 1905 డిసెంబరు 7వ తేదీన ఎడువార్డ్ జిర్మ్ అను వైద్యుడు, గాయమువలన తీసివేయవలసివచ్చిన ఒక బాలుని కంటినుండి శుక్లపటలమును తీసి వానికి అతికెను. ఒక కంట అది స్వచ్ఛముగా నిలిచి, గ్లోగార్ మరల పనికి పోగలిగెను. మనుష్యునినుండి మనుష్యునికి కార్నియా మార్చి ఫలితము పొందిన మొదటి శస్త్రచికిత్స ఇదియే. నేడు మన దేశమున జరుగు నేత్రదానము దీని ఫలమే. మరణించిన ఆఱుగంటలలోగా కార్నియాను సేకరింతురు. ముసలివారును, కళ్లద్దములు వాడినవారును ఈయవచ్చును.

నలకలన్నియు కీడు చేయునవే కావు. రెండవ ప్రపంచయుద్ధమున విమానపు కప్పు పగిలి, ప్లాస్టిక్ తునకలు కొందఱు వైమానికుల కండ్లలో గ్రుచ్చుకొనెను. అవి ఏ వాపును కలిగింపక అట్లే ఉండిపోవుటను హెరాల్డ్ రిడ్లీ అను ఆంగ్ల వైద్యుడు గమనించెను. అట్టి పదార్థముతోనే కటకమును చేయించి, 1949 నవంబరులో లండనునగరమున ఒక రోగి కంటిలో అమర్చెను. నేడు మీ తాతగారికి శుక్లము తీసి లోపల అమర్చు కటకము ఆ యూహ సంతానమే. శుక్లమనగా కంటిలోని సహజ కటకము మసకబారుట. దానికి చుక్కల మందు లేదు, శస్త్రచికిత్సయే మార్గము.

ఇక చేలనుండి తరగతి గదికి వత్తము. నల్లబల్లమీది అక్షరములు అలుకుకొన్నట్లు కనబడుట, కండ్లు చికిలించి చూచుట, పుస్తకమును ముక్కుకు ఆనించి చదువుట, చదివిన కొంతసేపటికి తలనొప్పి వచ్చుట, ఇవన్నియు కంటి సూచనలు. మందబుద్ధులని పేరుపడిన పిల్లలలో కొందఱికి కావలసినది బెత్తము కాదు, కళ్లద్దము. అద్దములు పెట్టుకొన్నచో చూపు మఱింత తగ్గుననుట అపోహ. కళ్లద్దముల పిల్లకు పెండ్లి కాదని బాలికలకు అద్దములు కొననివారిని నేనెఱుగుదును. ఆ మాటకు సమాధానము చెప్పుటకంటె వారి కూతురి మార్కుల పట్టిక చూపుట సులభము.

దగ్గఱి వస్తువులే కనబడు హ్రస్వదృష్టి నేటి పిల్లలలో లోకమంతట పెరుగుచున్నది. ప్రతిదినము సుమారు రెండు గంటలు ఆరుబయట వెలుతురులో ఆడు పిల్లలకు అది వచ్చుట తక్కువయని పరిశోధకులు కనుగొనిరి. ఆటలు మానిపించి చదివించు తల్లిదండ్రులు ఈ వాక్యమును రెండుమారులు చదువవలెను. చరవాణిని ముఖమున కానించి చూడరాదు. ఇరువది నిమిషముల కొకసారి తల యెత్తి, ఇరువది అడుగుల దూరములోనున్న చెట్టునో గోపురమునో ఇరువది సెకండ్లు చూచినచో కండ్లకు విశ్రాంతి కలుగును.

మెల్లకన్ను అదృష్టమని కొందఱందురు. బాల్యముననే చికిత్స చేయింపనిచో ఆ కన్ను చూచుట మఱచిపోవును. శిశువు కనుపాప పిల్లి కన్నువలె తెల్లగా మెఱసినచో ఒక్కదినమైనను జాగు చేయరాదు. అది ప్రాణాపాయకరమైన వ్యాధి కావచ్చును. మాపటివేళ పిల్లలు తడుముకొని నడచుట రేచీకటి. ఏ విటమిను లోపము దీనికి కారణము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఫలితముగా 1970లో ఈ విటమినును పసిపిల్లలకు మోతాదులుగా ఇచ్చు పథకము దేశమున ఆరంభమైనది. మన పెరటి మునగాకు, తోటకూర, గోంగూరలయందు దీనికి మూలమైన పదార్థము పుష్కలముగా కలదు. పెద్దలకు దీపము చుట్టు రంగుల వలయములు కనబడినను, కంటియెదుట తెర దిగినట్లయినను, మెఱుపులు తోచినను ఆలస్యము కూడదు. మధుమేహమున్నవారు చూపు బాగుగానున్నను ఏటేట కండ్లు పరీక్షింపించుకొనవలెను.

వైద్యము దూరమున లేదు. గుంటూరు వైద్యకళాశాలలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు అమెరికాలో నేత్రవైద్యులుగా పనిచేసి తిరిగివచ్చి, 1987లో హైదరాబాదున నేత్రవైద్యసంస్థను స్థాపించిరి. చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాదుగారు కోటి రూపాయలును, అయిదెకరముల స్థలమును ఈయగా ఆ సంస్థకు వారి పేరే పెట్టిరి. పెద్ద జబ్బులకు పట్టణమున ఆసుపత్రియు, సుమారు 50,000 మంది జనాభాకు పల్లెలో ఒక దృష్టికేంద్రమును ఉండవలెనని వారి పద్ధతి. గుంటూరు చెంత పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి కలదు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కంటివెలుగు పేరిట మొదట బడిపిల్లలకే కంటి పరీక్షలు చేయించినది.

అయినను మొదటి పరీక్షకు ఆసుపత్రి అక్కఱలేదు. గోడకు కేలండరు తగిలించి, పది అడుగుల దూరమున నిలువుడు. అరచేతితో కుడి కన్ను ఒత్తకుండ మూసి తేదీలు చదువుడు. పిమ్మట ఎడమ కన్ను మూసి చదువుడు. రెండు కండ్లును తెఱచి చూచునప్పుడు మంచి కన్ను రెండవదాని లోపమును దాచిపెట్టును. ఏండ్ల తరబడి ఒంటికంటితో చూచుచు, ఆ సంగతి ఎఱుగనివారు కలరు. ఒక కంటికి తేదీలు మసకగా తోచినచో ఆ మాట ఇంటిలోను, ఉపాధ్యాయునితోను ఈ దినమే చెప్పుడు.