దీపాల కింద ఆకుకూర: బెజవాడ ఇంటి అనుభవ పాఠాలు

బెజవాడ అపార్టుమెంట్లలో చాలాచోట్ల కిటికీ తీస్తే ఎదుటివాళ్ల గోడే కనిపిస్తుంది. పడమటి బాల్కనీ ఉన్నా మేలో కుండీ మీద చెయ్యి పెట్టలేం. గదిలో ర్యాక్ నిలబెట్టి, అరఅరకీ లైట్లు బిగించి ఆకుకూర పెంచుతామని అడిగే పిల్లలకు నేను చెప్పేది ఇదీ.

1. ముందు వేడి సంగతి తేల్చుకోండి. ఈ పద్ధతి మీద దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల వాళ్లవి. అక్కడ లైటు వేడి కూడా మొక్కకు మేలే చేస్తుంది. మన దగ్గర అది అదనపు బరువు. అందుకని వేసవిలో మొక్కల పగటిని రాత్రికి మార్చండి. సాయంత్రం 6కి లైటు వెలిగి ఉదయం 8కి ఆరిపోతే వాటికి 14 గంటల పగలు దొరికినట్టే. వడగాలి కొట్టే మధ్యాహ్నం అవి చీకట్లో ఉంటాయి. టైమరు పెడితే మనం నిద్ర మానుకోనక్కర్లేదు. చిన్న ఫ్యాను తప్పదు. ఆకు కదిలీ కదలనట్టు ఊగాలి. గాలి ఆడకపోతే మన ఉక్కకి నారు మొదలు దగ్గర మెత్తబడి, తెల్లారేసరికి వరసగా ఒరిగిపోతుంది.

2. ఊదారంగు లైట్ల జోలికి పోకండి. ఆ వెలుగులో పండాకేదో పచ్చాకేదో తెలియదు. ఎల్ఈడీ ట్యూబులు, తెల్లవి, చాలు. నీలి ఎల్ఈడీ కనిపెట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. దాని పుణ్యమే ఈ తెల్ల వెలుగు, అందులో మొక్కకు కావలసిన నీలమూ ఎరుపూ రెండూ ఉన్నాయి. నాలుగడుగుల అరకి 20 వాట్లవి రెండు, ఆకుకి జానెడు ఎత్తున కట్టండి. మొక్క సన్నగా, పాలిపోయి సాగుతోందంటే లైటు దించాలి.

3. కరెంటు లెక్క ముందే వేసుకోండి. ఆ రెండు ట్యూబులూ 14 గంటలు వెలిగితే రోజుకి అర యూనిట్ పైచిలుకు, నెలకి దాదాపు 17. మూడు అరలంటే 50 యూనిట్లు, పైగా శ్లాబు మారితే రేటూ మారుతుంది. ఇలా దీపాల కింద పెంచి అమ్మడం పెద్దవాళ్లకే కష్టమైంది. 1999లో కొలంబియా యూనివర్సిటీలో డిక్సన్ డెస్పోమియర్ తన విద్యార్థులతో మేడల్లో సేద్యం గురించి ఆలోచన మొదలుపెట్టారు. ఆ బాటలో పెద్దదైన అమెరికా కంపెనీ ఏరోఫార్మ్స్ 2023లో దివాలా పిటిషన్ వేసింది. ఇంటికి సరిపడా పెంచుకోండి, అమ్ముకుందామని మాత్రం దిగకండి.

4. నీళ్లు. కృష్ణ నీళ్లు పట్టుకుని వాడండి. సముద్రం వైపు పోయేకొద్దీ బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆర్వో మెషీను బయటికి వదిలేసేవి అంతకన్నా చేటు, ఉప్పంతా వాటిలోనే చేరుతుంది. మట్టికి బదులు వేసే కొబ్బరి పొట్టుని కూడా ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు కడిగి పిండాకే ట్రేలో నింపండి.

5. ర్యాకుని గోడకి బిగించండి. తడిసిన పొట్టు బరువు తక్కువేం కాదు. స్విచ్చు బోర్డు నడుం ఎత్తున ఉండాలి, వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి రావాలి, జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ ఇళ్లు మునిగిన సంగతి గుర్తుంది కదా. కింది అంతస్తుల వాళ్లు అడుగు అరలో వైర్లే పెట్టకండి.

6. ఏం వెయ్యాలి? మెంతి, ఆవ మొలకలు, పుదీనా, లెట్యూస్. కొత్తిమీర కూడా వస్తుంది కానీ ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి, గది చల్లగా ఉండాలి, ఉక్కలో అది త్వరగా పూతకొస్తుంది. గోంగూర, తోటకూర మాత్రం డాబా మీదే. వాటికి ఎండ కావాలి, ట్యూబులతో తీరే ఆకలి కాదది.

7. నన్నడిగితే ఈ ర్యాకుకి అసలైన ఉపయోగం నారు. మే చివర్లో బయట విత్తనం మాడిపోతుంటే లోపల మిరప, వంగ, టమాటా నారు నిక్షేపంగా లేస్తుంది. తొలకరి పడ్డాక డాబా మీదికి మార్చండి. మొదటి రోజు ఉదయపు నీడలో గంటసేపు ఉంచి లోపలికి తెచ్చేయండి. రోజూ ఇంకొంచెం పెంచుతూ, వారం దాటాకే ఎండలోకి.