పత్తర్‌గట్టి – రాతి కమానుల బజారు

చారిత్రక కట్టడాలు అనగానే మనకు కోటలు, గుళ్ళు, సమాధులు గుర్తుకు వస్తాయి. సరుకులు అమ్మే బజారు కూడా చరిత్రే. కోదాడ, సూర్యాపేట వైపు నుండి వెళ్ళే మన బస్సులు ఆగే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుండి నడిచి వెళ్ళగలిగే దూరంలోనే అటువంటి బజారు ఒకటి ఉంది. అదే హైదరాబాదు పాతబస్తీలోని పత్తర్‌గట్టి.

నేపథ్యం: 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దడానికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మదీనా కూడలి నుండి చార్మినార్ వైపు వెళ్ళే రోడ్డుకు ఇరువైపులా ఆ బోర్డు కట్టించిన దుకాణాల వరుసలే పత్తర్‌గట్టి. ఉర్దూలో పత్తర్ అంటే రాయి.

నిర్మాణం: ఇది గ్రానైటు రాతి కట్టడం. కింద దుకాణాలు, పైన నివాసాలు. దుకాణాల ముందు కమానుల వరుస, ఆ నీడన నడవా. ఏమీ కొనలేనివాడు కూడా ఎండకు, వానకు తడవకుండా, మాడకుండా నడిచిపోవచ్చు. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది, వంపును మాత్రం అంతగా తట్టుకోలేదు. కమాను పైబరువును పక్కలకు మళ్ళించి స్తంభాలలోకి దించుతుంది. పక్కపక్క కమానులు ఒకదాని తోపును మరొకటి ఆపుతాయి. అందుకే ఒక్క స్తంభాన్ని చెక్కి బలహీనపరచినా పక్క కమానులకు ముప్పే.

నేటి స్థితి: బట్టలు, ముత్యాలు, అత్తర్ల వ్యాపారం నేటికీ సాగుతోంది. కాని పెద్ద పెద్ద బోర్డులు, కరెంటు తీగలు కమానుల అందాన్ని కప్పివేస్తున్నాయి. బాగుచేయడం అసాధ్యమేమీ కాదు. 1935 నాటి మొజంజాహి మార్కెట్‌కు మరమ్మతులు చేసి 2020లో తిరిగి ప్రారంభించారు. వ్యాపారం చేసుకునేవారి బతుకుతెరువు పోకుండా పత్తర్‌గట్టినీ అలాగే కాపాడుకోవాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఏ పాత కట్టడాన్ని చూసినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దేనితో కట్టారు? ఎందుకు కట్టారు? బరువును ఏది మోస్తోంది? తరువాత ఏం మారింది? ఐదవది కూడా మరువకండి: ఆ రాళ్ళు కొట్టి, మోసి, నిలబెట్టిన చేతులు ఎవరివి? పాలకుల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ కూలీల చెమటను తలచుకోవలసినది, వారిలాంటి ఇళ్ళ నుండి చదువుకు వచ్చిన మనమే.