వాలు కప్పు గల పడకగదికి రంగుల ఎంపిక

మన గ్రామములలో పెంకుటిండ్లు నేటికిని అనేకము కలవు. పెంకు వాలుగా దిగు వైపున, చూరునకు చేరువగా, పడకగది నుంచుట పలుచోట్ల వాడుక. ఇట్టి గదికి ఒక ప్రక్క గోడ ఎత్తుగను, ఎదుటి గోడ పొట్టిగను ఉండును. బాలింతలు, పసిపిల్లలు, వృద్ధులు దినములో ఎక్కువ కాలము గడపునది ఈ గదిలోనే. ఐనను రంగు వేయునపుడు గృహస్థుల శ్రద్ధ వీధి అరుగుతోడను, ముందరి వసారాతోడను తీరిపోవుచుండును. అంగన్‌వాడీ గదులకును, పాఠశాలలకును మరమ్మతుల అంచనాలు పంచాయతీ సభ్యుల కంటబడుచుండును. ఇరుగుపొరుగువారు సలహా అడుగునదియు వారినే. కావున ఈ విషయమును వారి కొరకు వివరించుచున్నాము.

వెలుతురు నడక

కిటికీనుండి వచ్చు వెలుతురు మొదట నేలను, ఎదుటి గోడను తాకును. వాలు కప్పు క్రిందికి చూచుచుండుటచే ఆకాశపు వెలుతురు దానికి నేరుగా అందదు. నేలయు, గోడలును తిప్పి పంపినదే దానికి దక్కును. అందుచే ఒకే రంగును గోడకును, వాలుకును పూసినను, వాలుపై అది ముదురుగా కనిపించును. తక్కిన సూత్రములన్నియు దీనినుండియే పుట్టుచున్నవి.

క్రొత్తగా వేసిన తెల్లసున్నము తనపై పడిన వెలుతురులో సుమారు నూటికి 80 పాళ్లు తిప్పి పంపును. లేత మీగడ రంగు సుమారు 70 పాళ్లు పంపును. ముదురు నీలము, ముదురు కావి వంటివి 15 పాళ్లు పంపుటయే కష్టము. కిటికీ ఒక్కటే గల గదిలో ఈ భేదము చిన్నది కాదు.

మూడు సూత్రములు

మొదటిది: వాలునకు గోడ రంగుకన్న ఒక వన్నె లేత రంగు వేయవలెను. గోడ మీగడ రంగైనచో వాలు తెలుపు కావలెను.

రెండవది: పొట్టి గోడకును, వాలుకును ఒకే రంగు వేయవలెను. ఆ రెండును కలియుచోట రంగు పట్టీ తీయరాదు. పట్టీ తీసినచో కన్ను అచటనే ఆగి, కప్పు ఇంకను క్రిందికి దిగినట్లు తోచును.

మూడవది: ముదురు రంగుపై మక్కువ గలవారు దానిని ఎత్తయిన గోడకు మాత్రమే వేసికొనవలెను. కప్పు తలకు అందునంత తక్కువగా నున్నచో, వాసములకును వాలు రంగునే వేయుట మేలు.

గది ఏ దిక్కునకు తెరచియున్నదో కూడ చూడవలెను. ఉత్తరపు కిటికీనుండి వచ్చు వెలుతురు చల్లనిది, కొంచెము నీలి ఛాయ గలది. అట్టి గదికి మీగడ రంగు, లేత పసుపు నప్పును. పడమటి ఎండ పడు గదికి లేత ఆకుపచ్చ గాని, లేత నీలము గాని కంటికి హాయి నిచ్చును. ఎంపికకు ముందు గోడపైనను, వాలుపైనను రెండేసి అడుగుల చదరము పూసి, ఆరనిచ్చి, ఉదయమున, మధ్యాహ్నమున, రాత్రి దీపము వెలుగున చూడవలెను. సున్నపు రంగు తడిగా నున్నపుడు ముదురుగను, ఆరిన పిదప లేతగను కనిపించును. కావున తడి రంగును చూచి తీర్పు చెప్పరాదు.

వేడిమి మాట

లోపల తెల్లరంగు వేసినచో గది చల్లబడునని కొందరి నమ్మకము. అది సరి కాదు. లోపలి తెలుపు వెలుతురును పెంచును. వేడిమి వచ్చునది పెంకునుండి. దానిని తగ్గించునది కప్పు వెలుపలి తెలుపు. ఇది ఎండను తిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023 లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమునకు మూలమిదియే. పెంకుపై వేసిన సున్నము వానలకు కొట్టుకొనిపోవును గావున ఏటేట వేసవికి ముందు తిరిగి వేయవలెను.

సీసము వలని కీడు

పాత నూనెరంగులలో సీసము కలిసియుండవచ్చును. వాలునుండి రాలిన పెచ్చులు పడకపైననే పడును. పొట్టి గోడ పసిబిడ్డ చేతికి అందును. సీసము బిడ్డల మెదడునకు హాని చేయును. ఇంత పరిమాణము వరకు నిరపాయమని చెప్పుటకు వీలు లేదు. కేంద్రప్రభుత్వము 2016 లో చేసిన నియమముల ప్రకారము 2017 నవంబరు 1 నుండి ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. డబ్బాపై ఈ వివరము చూచియే కొనవలెను. పాత రంగును పొడిగా గీకరాదు. తడిపి గీకి, పెచ్చులను మూటకట్టి తొలగించవలెను. ఆ పని ముగియువరకు పిల్లలను, గర్భిణులను ఆ గదిలోనికి రానీయరాదు.

సున్నము తయారు

కిలో రాతిసున్నమునకు సుమారు 5 లీటర్ల నీరు పోసి, కలియబెట్టి, 24 గంటలు నిలువయుంచి, ముతక గుడ్డతో వడగట్టవలెను. తుమ్మజిగురు వేడినీట కరిగించి కలిపినచో చేతికి అంటదు. నీలిమందు కిలో సున్నమునకు 3 గ్రాములు మించరాదు. క్రొత్త గోడకు మూడు పూతలు వేయవలెను. కారుచున్న కప్పును ముందుగా బాగుచేయక పూసిన పూత నిలువదు. వాలునకు పూయువాని కంట సున్నము పడు ప్రమాదము హెచ్చు. కన్నులకు అద్దములు తప్పక పెట్టుకొనవలెను. పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని చూడవలెను.

అంచనా లెక్క

12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిలో ఒక గోడ 11 అడుగులు, ఎదుటి గోడ 6 అడుగులు అనుకొందము. నేల 120 చదరపు అడుగులు. వాలు మాత్రము సుమారు 134. ద్వారములను తీసివేయక నాలుగు గోడలును 374. వెరసి 508. నేల కొలతనే కప్పు కొలతగా వ్రాసిన అంచనాలో 14 అడుగులు తక్కువ పడును. ఆ కొరత తుదకు పూతల సంఖ్యలోనో, పలుచనలోనో తేలును.

అందుచే సభ్యులు పని మంజూరు చేయునపుడు వాలును వాలు వెంబడి కొలిచిరా, సీసము లేని రంగు అని వ్రాసిరా, పూతలెన్నియో తెలిపిరా అని మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు. వాని ఫలము ఆ గదిలో పెరుగు బిడ్డకు దక్కును.